కొత్త డిస్కుల బాలారిష్టములు

సంతలో కుండ కొనువారు దానిని ఊరక చంకనెత్తుకొని పోరు. వ్రేలి కణుపుతో ఒకమారు తట్టి చూచెదరు. కంగుమని మ్రోగినచో కుండ మంచిది. మ్రోత చచ్చియున్నచో కంటికి కానరాని పగులు ఎచ్చటనో కలదని అర్థము. ఆవమునుండి నిన్ననే దిగిన కుండకైనను ఈ పరీక్ష తప్పదు. నిజమునకు క్రొత్త కుండకే ఈ పరీక్ష. ఏడాదిగా నీరు నిలుపుచున్న కుండను ఎవరును తట్టి చూడరు.

కంప్యూటర్లలో సమాచారమును నిలువచేయు హార్డ్ డిస్కులకును ఇట్టి పరీక్ష ఒకటి కలదు. ఆసుపత్రిలోని ఎక్సురే చిత్రములు, విశ్వవిద్యాలయపు పరీక్షా ఫలితములు, బ్యాంకు ఖాతాలు మొదలైన వానిని భద్రపరచుటకు పది, ఇరువది, ఒక్కొక్కప్పుడు వేలకొలది డిస్కులను ఒకచోట కూర్చి స్టోరేజి సర్వరును నిర్మింతురు. పెట్టెలు విప్పి, డిస్కులను అమర్చి, విద్యుత్తు నిచ్చుటతో పని పూర్తియైనదని చూచువారు అనుకొందురు. చేయువారికి మాత్రము అసలు పని అప్పుడే మొదలగును. ఒక డిస్కు తిరుగనే తిరుగదు. ఒకటి తిరుగును గాని తన పరిమాణమును నాలుగవ వంతుగా చెప్పును. మరియొకటి రెండు దినములు చక్కగా పనిచేసి మూడవనాడు మూగవోవును. తప్పు డిస్కుదా, తీగదా, విద్యుత్తుదా, లేక వీనిని నడిపించు ప్రోగ్రాముదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు నేర్పు ఒక్కనాట వచ్చినది కాదు. సుమారు డెబ్బది సంవత్సరముల చరిత్రలో, ఒక్కొక్క దెబ్బ తిని, ఒక్కొక్క మెట్టుగా ఏర్పడినది.

ఆ చరిత్ర ఒక హైస్కూలు సైన్సు మాస్టరుతో ఆరంభమగును. రెనాల్డ్ జాన్సన్ అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఉపాధ్యాయుడు. విద్యార్థుల జవాబు పత్రములను దిద్దు శ్రమ ఎట్టిదో అనుభవమున ఎరిగినవాడు. పెన్సిలు గీతలోని గ్రాఫైటు విద్యుద్వాహకమను చిన్న విషయమును ఆధారముగా గొని, జవాబు పత్రములను తనంత తానే దిద్దు యంత్రము నొకదానిని ఆయన రూపొందించెను. ఐ.బి.ఎం. సంస్థ 1934లో ఆయనను చేర్చుకొనెను. 1952లో కాలిఫోర్నియాలోని శాన్ హోసె నగరమున ఒక క్రొత్త పరిశోధనశాలను నెలకొల్పు భారమును ఆయనకే అప్పగించెను.

ఆనాడు వ్యాపార సంస్థల లెక్కలన్నియు రంధ్రములు పొడిచిన అట్టకార్డులమీద ఉండెడివి. కావలసిన కార్డును వెదకుటకు గుమాస్తాలు తొట్లముందు నిలువబడి వేలకొలది కార్డులను త్రిప్పవలసి వచ్చెడిది. అయస్కాంత టేపు అప్పటికే వచ్చినది గాని, దానిలో నడుమనున్న సంగతి కావలెనన్న మొదటినుండి చుట్ట విప్పుకొని రావలెను. పుస్తకమునైతే కావలసిన పుటవద్దనే తెరువవచ్చును. అట్లు తెరువదగిన అయస్కాంత పుస్తకము కావలెనన్నది జాన్సన్ బృందమునకు ఎదురైన సమస్య. గ్రామఫోను ప్లేటువంటి లోహపు పళ్ళెముమీద ఐరన్ ఆక్సైడు పూతపూసి, దానిని గిరగిర త్రిప్పుచు, పైన విద్యుదయస్కాంతపు హెడ్డును కదల్చినచో ఏ చోటికైనను సెకనులోపల చేరవచ్చునని వారు తలచిరి.

పూత సమముగా పూయుట మొదటి కష్టము. రంగు ఒకచోట దట్టముగను, ఒకచోట పలుచగను అంటుకొనుచుండెను. తుదకు కుమ్మరి సారెవలె పళ్ళెమును త్రిప్పుచు, సన్నని మేజోళ్ళ గుడ్డలో వడబోసిన రంగును నడుమ పోయగా, అది అపకేంద్ర బలముచే అంచువరకు సమముగా ప్రాకినది. ఇంతటి నాగరిక యంత్రమునకు ఇంత మోటు ఉపాయము పనికివచ్చుట విచిత్రమే. వడపోత మాత్రము మోటుదనము కాదు. రంగులో నలుసు ఉన్నచో పళ్ళెముమీద మిట్ట ఏర్పడును. ఆ మిట్టవద్ద వ్రాసినది తిరిగి చదువరాదు. కొత్త డిస్కులో లోపముండునను సంగతి డిస్కుతోనే పుట్టినదన్నమాట.

1956 సెప్టెంబరులో ఐ.బి.ఎం. ఈ యంత్రమును 'రామాక్' అను పేర వెల్లడించెను. 24 అంగుళముల వ్యాసముగల పళ్ళెములు 50 ఒకే ఇరుసుపై నిమిషమునకు 1200 మారులు తిరిగెడివి. బరువు ఒక టన్నునకు పైమాట. ఇంత పరికరములో ఇమిడినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రమునకు అది సరిపోవుటయు కష్టము. హెడ్డు పళ్ళెమును తాకకుండ ఉంచుటకు సంపీడిత వాయువును నడుమకు ఊదెడివారు. తాకినచో పూత గీసికొనిపోవును, దానితో వ్రాతయు పోవును. ఈ ఎడము ఎంత తగ్గిన అంత సన్నగా వ్రాయవచ్చును. అంత ప్రమాదమును పెరుగును. డిస్కు చరిత్ర అంతయు ఈ రెండింటి నడుమ పెనుగులాటయే.

1961లో వచ్చిన 1301 అను డిస్కులో ఊదుడు గాలి అవసరము పోయినది. వడిగా తిరుగు పళ్ళెముతోపాటు దానిని అంటియున్న గాలిపొరయు తిరుగును. హెడ్డు అడుగును తగు రీతిగా చెక్కినచో, ఆ గాలిపొరమీద అది తనంత తానే తేలును. ఆ ఎత్తు సుమారు 6 మైక్రానులు. మనుష్యుని తల వెండ్రుక దాదాపు 70 మైక్రానుల మందము. నేటి డిస్కులలో ఆ ఎత్తు కొన్ని నానోమీటర్లకు దిగినది.

మరుసటి ఏడు, 1962లో, పళ్ళెముల దొంతరను యంత్రమునుండి ఊడదీసి మార్చుకొనదగిన 1311 వచ్చినది. ఆరు పళ్ళెముల దొంతర బరువు నాలుగున్నర కిలోగ్రాములు; గిన్నెకు మూతవలె దానికొక మూత ఉండెను. ఈ సౌకర్యముతోపాటే ఒక కొత్త చిక్కు వచ్చినది. దీని కథ విద్యార్థులు శ్రద్ధగా వినదగినది. ఒక దొంతర చదువబడుట లేదనుకొందము. దోషము దొంతరదా, యంత్రముదా? తెలిసికొనుటకు సహజముగా తోచు ఉపాయము, ఆ దొంతరను ప్రక్క యంత్రములో పెట్టి చూచుట. కాని దొంతరమీద గీటు పడి పూత లేచియున్నచో, ఆ లేచిన పెళ్ళ ప్రక్క యంత్రపు హెడ్డును గూడ చెరచును. చెడిన ఆ హెడ్డు తరువాత పెట్టిన మంచి దొంతరను గీకును. పరీక్షించు మనుష్యుడే అంటురోగమును గది అంతటను త్రిప్పినట్లగును. లోపమును వెదకు పద్ధతియే లోపమును వ్యాపింపజేయగలదని యంత్రశాలల వారు ఇట్లు నేర్చుకొనిరి. ఒకటి చెడినప్పుడు దానిని కదల్చక, ముందు కంటితో చూచి, పిమ్మట ఒక్కసారికి ఒక్క భాగమునే మార్చవలెనను నియమము అప్పటినుండి బలపడినది.

1973లో ఐ.బి.ఎం. వారి 3340 డిస్కు ఈ చిక్కును వేరొక విధముగా విడదీసినది. కెన్నెత్ హాటన్ నాయకత్వమున తయారైన ఈ డిస్కులో పళ్ళెములను హెడ్డులను కలిపి ఒకే పెట్టెలో మూసివేసిరి. ఆ పళ్ళెములు ఆ హెడ్డులకే పరిచితములు. వేరు హెడ్డు వాని మొగము చూడదు. ముప్పది, ముప్పది మెగాబైట్ల రెండు భాగములుగా మొదట ఊహింపబడినందున, '30-30' తుపాకిని తలపింపజేసి దీనికి 'వించెస్టరు' అను ముద్దుపేరు వచ్చినది. నేటి హార్డ్ డిస్కులన్నియు దీని సంతతియే. మూసిన పెట్టె మేలే, కాని లోపల ఏమి జరుగుచున్నదో కంటితో చూచు అవకాశము దానితో పోయినది. నాటినుండి రోగ నిర్ణయమంతయు నాడి పట్టి చూచి చెప్పవలసినదే అయినది.

1980లో సీగేట్ సంస్థ 5 మెగాబైట్ల చిన్న డిస్కును, ఎస్.టి. 506ను, సామాన్య కంప్యూటర్లలో ఇమిడెడు పరిమాణమున తెచ్చినది. ఈ తరమునకు చెందిన డిస్కుల పెట్టెమీద ఒక కాగితము అంటించియుండెడిది. అందులో ఏ హెడ్డుక్రింద, ఏ వలయమున లోపముగల చోట్లు కలవో కర్మాగారమువారే వ్రాసి పంపెడివారు. కొన్నవాడు ఆ పట్టికను చూచుచు, ఆ చోట్లను వాడకుమని కంప్యూటరునకు కీబోర్డుపై తట్టి చెప్పవలసి యుండెను. ఇంత నిజాయితీగల అమ్మకము మరి ఏ వస్తువునకును కానరాదు.

1980 దశాబ్దపు చివర డిస్కును నడుపు ఎలక్ట్రానిక్ వలయమును డిస్కుపైననే అమర్చిరి. దానితో లోపముల పట్టిక కాగితమునుండి డిస్కు లోపలికి పోయినది. కర్మాగారమున కనుగొన్న లోపములకు ఒక పట్టిక, తరువాత వాడుకలో పుట్టిన లోపములకు ఒక పట్టిక. ఒక సెక్టారు చెడగానే డిస్కు దానిని విడిచి, కొంత తావు ముందే మిగిల్చి ఉంచుకొన్నందున, ఆ మిగులులోనిదొకటి బదులు వాడుకొనును. కంప్యూటరునకు ఈ సంగతి తెలియనే తెలియదు. సౌకర్యమే, సందేహము లేదు. కాని డిస్కు తన గాయములను దాచుకొనుట నేర్చినది.

ఆ రోజులలోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కట్జ్ అను మువ్వురు ఒక లెక్క వేసిరి. పెద్ద కంప్యూటర్లకు వాడు ఒక మహా డిస్కు కొనుటకు బదులు, చిన్న కంప్యూటర్ల చౌక డిస్కులు నూరింటిని కలిపి వాడరాదా? వేగము పెరుగును, ఖర్చు తగ్గును. అయితే ఒక చిక్కు. చిన్న డిస్కు సగటున 30,000 గంటలకు చెడుననుకొన్నచో, నూరు డిస్కులలో ఏదో ఒకటి సగటున 300 గంటలకు చెడును. అనగా రెండు వారములైనను గడువవు. 1988లో ప్రకటించిన వ్యాసమున వారు ఈ నిజమును దాచలేదు. దానినే మొదట పెట్టి, విరుగుడు తరువాత చెప్పిరి.

ఆ విరుగుడు హైస్కూలు విద్యార్థికి అందనిది కాదు. మూడు డిస్కులలో ఒకే చోట 1, 0, 1 అను బిట్లు కలవనుకొందము. నాలుగవ డిస్కులో ఒక బిట్టు వ్రాయుదుము. నాలుగింటిలో ఒకట్ల సంఖ్య సరిసంఖ్య కావలెనన్నది నియమము. ఇచ్చట ఒకట్లు రెండు ఇప్పటికే కలవు గనుక నాలుగవది 0. ఇప్పుడు రెండవ డిస్కు చచ్చినదనుకొనుడు. మిగిలినవి 1, 1, 0. ఒకట్లు రెండు, సరిసంఖ్య. కావున పోయినది 0. మూడవ డిస్కు చచ్చినచో మిగిలినవి 1, 0, 0; ఒకటి ఒక్కటే, బేసి. కావున పోయినది 1. ఈ విధముగా కోట్లకొలది బిట్లను తిరిగి లెక్కించి, క్రొత్త డిస్కుమీద వ్రాసికొనవచ్చును. ఇట్టి భావమునకు ఐ.బి.ఎం.లోని నార్మన్ ఔచీ 1978లోనే పేటెంటు పొందియుండెను. దానికి శాస్త్రీయముగా వర్గీకరణ చేసి, 'రెయిడ్' అను పేరు పెట్టి లోకమున నిలిపినవారు బర్క్‌లీ మువ్వురు.

ఈ లెక్కలో ఒక షరతు దాగియున్నది. ఒక డిస్కు పోయినప్పుడు మిగిలినవన్నియు మొదటినుండి చివరివరకు తప్పులేకుండ చదువబడవలెను. సామాన్య డిస్కులకు తయారుచేయువారు ఇచ్చు హామీ, 10ని 14 మారులు హెచ్చవేసినన్ని బిట్లు చదివినపుడు చదువరాని చోటు ఒకటికి మించదని. ఆ సంఖ్య 12.5 టెరాబైట్లకు సమానము. 1988లో అది ఊహకు అందని రాశి; నేడు ఒక్క డిస్కే అంతకన్న పెద్దది దొరకును. నిజముగా డిస్కులు ఈ హామీకన్న చాల మేలుగనే పనిచేయును. అయినను, కొత్త డిస్కులో ఎవరును చదువని మూల ఒక చెడిన సెక్టారు నిద్రించుచున్నచో, అది బయటపడునది సరిగా ఆ ఆపత్కాలముననే. కొత్తదానిని ముందుగా సాంతము చదివి చూడవలెననుటకు ఇంతకు మించిన కారణము లేదు.

దాచిన గాయములను బయటపెట్టించుటకు ప్రయత్నము 1992లో ఐ.బి.ఎం. చేసినది, 1995లో కాంపాక్ సంస్థ డిస్కు తయారీదారులతో కలిసి మరియొకటి చేసినది. ఈ రెండింటినుండి 'స్మార్ట్' అను ఏర్పాటు ప్రమాణమైనది. డిస్కు తన ఉష్ణోగ్రతను, పనిచేసిన గంటలను, బదులు వాడిన సెక్టారుల లెక్కను, చదువలేక సందేహములో పెట్టిన సెక్టారుల లెక్కను తనలోనే వ్రాసికొనును. అడిగినవారికి చెప్పును. ఇందు 5వ సంఖ్యగల గణకము బదులు వాడిన సెక్టారులది. 197వది సందేహములోనున్న వానిది. 199వది తీగలో ప్రయాణించునప్పుడు చెడిన సందేశములది. సర్వరు నిర్మించువారికి ఈ మూడింటి భేదము తెలిసిన చాలు, సగము చిక్కులు విడిపోవును. తప్పులు వచ్చుచుండగా 199వ లెక్క పెరుగుచు, 5వది, 197వది సున్నగా నిలిచినచో, డిస్కు సాధారణముగా నిర్దోషి. తీగనో, తీగ తగిలించిన చోటునో అనుమానింపవలెను. తీగ మార్చిన తరువాత పాత లెక్క చెరిగిపోదు; ఇక పెరుగకుండుటయే స్వస్థతకు గుర్తు. ఇది తెలియక మంచి డిస్కులను తిప్పిపంపి, మరల అదే తీగకు మరియొక మంచి డిస్కు తగిలించి, కొట్టువానిని తిట్టుకొనువారు కలరు.

తిరుగనే తిరుగని కొత్త డిస్కు సంగతి మరింత వింత. సాటా డిస్కునకు విద్యుత్తు తెచ్చు అమరికలో 15 స్పర్శలు కలవు. మొదటి మూడును 3.3 వోల్టులకు కేటాయించిరి గాని, వానిని వాడిన డిస్కులు దాదాపు లేవు. 2016 నాటి ప్రమాణములో మూడవ స్పర్శకు క్రొత్త పని చెప్పిరి: దానిపై వోల్టేజి ఉన్నంతసేపు డిస్కు ఆగియుండవలెను. వేల డిస్కులున్న భవనములో మొండికేసిన ఒకదానిని దూరమునుండియే ఆర్పి వెలిగించుటకు ఇది ఉపాయము. కాని పాత విద్యుత్ పెట్టెలు ఆ స్పర్శకు 3.3 వోల్టులను ఎల్లవేళల ఇచ్చుచునే యుండును. కొత్త డిస్కు దానిని ఆజ్ఞగా గ్రహించి కదలక కూర్చుండును. డిస్కు చచ్చినదని భావించి తిరుగగొట్టిన వారెందరో! విద్యుత్తును నాలుగు ముళ్ళ పాతరకపు తీగద్వారా ఇచ్చినను, లేక ఆ మూడవ స్పర్శను విద్యుత్తు సోకని సన్నని టేపుతో కప్పినను అది లేచి తిరుగును.

విద్యుత్తు సంగతియే మరియొకటి కలదు. నిలిచియున్న పళ్ళెములను కదల్చుటకు, తిరుగుచున్న వానిని త్రిప్పుటకన్న చాల ఎక్కువ శక్తి కావలెను. మూడున్నర అంగుళముల డిస్కు ఒక్కటి లేచునపుడు 12 వోల్టులవద్ద సుమారు 2 ఆంపియర్లు తీసికొనును. 24 డిస్కులు ఒక్కసారిగా లేచినచో 48 ఆంపియర్లు, అనగా 576 వాట్లు. విద్యుత్ పెట్టె దీనికి చాలనప్పుడు వోల్టేజి కుంగి, ఏవో కొన్ని డిస్కులు కనబడకుండ పోవును. మరుసటిమారు వేరొక కొన్ని పోవును. రోజునకొక డిస్కు మాయమగుచున్నచో డిస్కులను కాక విద్యుత్తును చూడవలెను. డిస్కులను ఒకదాని తరువాత నొకటిగా లేపుటయే దీనికి మందు.

పరిమాణమును తక్కువగా చెప్పు డిస్కు ఉత్త అంకగణితపు బాధితురాలు. పాత ఏర్పాటులో సెక్టారు సంఖ్యను 32 బిట్లలో వ్రాసెడివారు. సెక్టారునకు 512 బైట్ల చొప్పున అట్లు చేరదగిన గరిష్ఠ పరిమాణము 2,19,902 కోట్ల బైట్లు, సుమారు 2.2 టెరాబైట్లు. 2010లో 3 టెరాబైట్ల డిస్కులు వచ్చినవి. పాత ప్రోగ్రాములు ఆ గరిష్ఠమును దాటగానే, మీటరులో అంకెలు తిరిగి సున్నకు వచ్చినట్లు, మొదటినుండి లెక్కించి, మిగిలిన 0.8 టెరాబైట్లను మాత్రమే చూపినవి. డిస్కు నిండుగనే ఉన్నది. లెక్కించువాని వ్రేళ్ళు చాలలేదు.

2020లో బయటపడిన వివాదము ఇంత అమాయకమైనది కాదు. పళ్ళెముమీద ఇంకను ఎక్కువ వ్రాయుటకై, వలయములను పెంకుటిల్లు కప్పువలె ఒకదానిపై నొకటి కొంత ఎక్కునట్లు వ్రాయు పద్ధతి ఒకటి కలదు. పై వరుసను కదల్చక క్రింది పెంకును మార్చుట సాధ్యము కాదు గదా! అట్లే ఇందులో కొంచెము మార్చవలెనన్నను ప్రక్క వలయములన్నియు తిరిగి వ్రాయవలెను. వ్రాసి పెట్టుకొనుటకే ఐనచో ఇది చక్కని పద్ధతి. సర్వరులో చెడిన డిస్కునకు బదులు పెట్టి, విరామము లేక గంటలకొలది వ్రాయించినప్పుడు మాత్రము అది ఉక్కిరిబిక్కిరియై, సమాధానము చెప్పుటకు ఆలస్యము చేయును. సర్వరు కొంతసేపు చూచి, డిస్కు చచ్చినదని తీర్మానించి వెలివేయును. సర్వరులకే యని చెప్పి అమ్మిన డిస్కులలో ఈ పద్ధతిని, పెట్టెమీద తెలుపకయే, వాడిరని ఆ సంవత్సరము తేలినది. ఎస్.టి. 506 నాటి కాగితమును ఇచ్చట జ్ఞాపకము చేసికొనక తప్పదు.

ఇక అన్నిటికన్న పాత ప్రశ్న: కొత్త డిస్కులు నిజముగా చిన్నవయసుననే ఎక్కువగా చచ్చునా? ఎలక్ట్రానిక్ పరికరముల ఆయుర్దాయమును పరిశీలించుటకు అమెరికా రక్షణశాఖ 1952లో ఒక సంఘమును ఏర్పరచినది. 1957లో ఆ సంఘము నివేదిక ఇచ్చిన నాటినుండి, ఇంజనీర్లు స్నానపు తొట్టివంటి వక్రరేఖ నొకదానిని పాఠముగా చెప్పుచు వచ్చిరి. మొదట బాలారిష్టములవలన మరణములు హెచ్చు. నడుమ చాలకాలము తక్కువ. ముసలితనమున మరల హెచ్చు. కావున కొత్తవానిని కొంతకాలము కష్టపెట్టి నడిపి, బలహీనములను ముందే ఏరివేయవలెను.

2007లో ఒకే సభలో రెండు పరిశీలనలు వెలువడి ఈ పాఠమును కదిపినవి. ఒకటి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి బియాంకా ష్రోడరు, గార్త్ గిబ్సన్ చేసినది. ఈయన రెయిడ్ వ్యాసకర్తలలోని గిబ్సనే. వారు సుమారు లక్ష డిస్కుల రికార్డులు చూచిరి. తయారీదారులు సగటు ఆయువు 10 లక్షల గంటలని ప్రకటింతురు. సంవత్సరమునకు 8,760 గంటలు గనుక, ఆ లెక్కన ఏటికి నూటికి ఒకటికూడ, అనగా 0.88 కూడ, చెడరాదు. నిజముగా మార్చవలసి వచ్చినవి నూటికి రెండునుండి నాలుగు, ఒక్కొక్కచోట పదమూడు. బాల్యమరణముల జాడ వారికి స్పష్టముగా కనబడలేదు. వయసుతోపాటు మరణములు తొలి ఏండ్లనుండియే మెల్లగా పెరుగుచు వచ్చినవి. రెండవ పరిశీలన గూగుల్ సంస్థలోని పినేరో, వెబర్, బరోసోలది; అదియు లక్షకు మించిన డిస్కులమీద. డిస్కును సాంతము చదివించగా ఒక్క తప్పు కనబడినచో, తరువాతి 60 దినములలో అది చెడు అవకాశము, తప్పు కనబడని వానికన్న 39 రెట్లు అని వారు తేల్చిరి. అదే వ్యాసములో మరియొక చేదునిజము కలదు. చెడిన డిస్కులలో సగమునకు పైగా, 'స్మార్ట్' గణకములలో ముఖ్యమైన నాలుగింటిలో ఏ ఒక్కదానిలోను ముందుగా ఒక్క అంకెయు చూపలేదు. రోగి నాడి చక్కగా కొట్టుచుండగనే కన్నుమూసెనన్నమాట. గణకము హెచ్చినచో భయపడవలెను. హెచ్చకున్నచో నిశ్చింతగా నుండుటకు వీలు లేదు.

ఆరు సంవత్సరముల తరువాత, 2013లో, బ్యాక్‌బ్లేజ్ అను నిలువ సంస్థ తన డిస్కుల లెక్కలను ప్రచురించుట మొదలిడినది. ఈ సంస్థ 2011 అక్టోబరులో థాయిలాండు వరదలవలన డిస్కులు దొరకక, తన ఉద్యోగులను, వారి స్నేహితులను కొట్లకు పంపి, ఇంట వాడుకొను బాహ్య డిస్కులను కొనిపించి, వాని పెట్టెలు పగులగొట్టి లోపలివానిని సర్వరులలో పెట్టినది. 2013 లెక్కలో మొదటి ఏడాదిన్నర ఏటికి నూటికి 5.1, తరువాతి ఏడాదిన్నర 1.4, మూడేండ్లు దాటిన పిమ్మట 11.8 చొప్పున డిస్కులు పోయినవి. తొట్టి తిరిగి కనబడినది! అయితే 2021లో అదే సంస్థ కొత్త డిస్కులతో లెక్క మరల వేయగా, తొట్టి ఎడమ గోడ చాలవరకు కరగిపోయినది. డిస్కులు మునుపటికన్న ఎక్కువకాలము నిలుచుచున్నవి. రెండు ఫలితములును తమతమ డిస్కుల విషయమున నిజములే. డిస్కులన్నియు ఒకే జాతి కావు. 2000 ప్రాంతమున వచ్చిన ఐ.బి.ఎం. డెస్క్‌స్టార్ 75 జి.ఎక్స్.పి. అను ఒక్క రకము విపరీతముగా చెడి, కోర్టు వ్యాజ్యమువరకు పోయినది.  ఒకే సర్వరులో ఒకే దినమున ఒకే కర్మాగారమునుండి వచ్చిన డిస్కులను నింపినచో, దోషము కూడ ఒకేసారి వచ్చుననుటకు ఇది కారణము. అందుచే జాగరూకులు రెండుమూడు కొట్లనుండి, వేరువేరు వారములలో కొందురు.

వాడుకలోనున్న పరీక్ష నేటికిని సరళమైనదే. లినక్సు వ్యవస్థతో వచ్చు 'బ్యాడ్‌బ్లాక్స్' అను ప్రోగ్రాము డిస్కు అంతట మొదట 10101010 అను బిట్ల వరుసను వ్రాసి, తిరిగి చదివి సరిచూచును. పిమ్మట 01010101, తరువాత అన్నియు ఒకట్లు, తుదకు అన్నియు సున్నలు. ప్రతి బిట్టును రెండు దిక్కులకు త్రిప్పి, ప్రక్కబిట్టు విరుద్ధముగా నున్నప్పుడును నిలుచునా అని చూచుటకే ఈ నాలుగు వరుసలు. డిస్కుపై అంతకుముందున్నదంతయు దీనితో పోవును గనుక, ఏ డిస్కును పరీక్షించుచున్నారో దాని క్రమసంఖ్యను కాగితముపై వ్రాసికొని, రెండుమారులు సరిచూచి మొదలుపెట్టవలెను. పొరపాటున పాత డిస్కును తుడిచివేసికొన్నవారు లేకపోలేదు. 10 టెరాబైట్ల డిస్కును సెకనునకు 200 మెగాబైట్ల చొప్పున ఒకమారు చుట్టివచ్చుటకు 50,000 సెకనులు, దాదాపు 14 గంటలు. నాలుగు వ్రాతలు, నాలుగు చదువులు కలిసి 111 గంటలు. పళ్ళెము లోపలి అంచునకు పోయినకొలది వేగము తగ్గును గనుక, నిజముగా అయిదారు దినములు పట్టును. పరీక్షకు ముందొకమారు, తరువాత నొకమారు 5, 197, 199 గణకములను చదివి ప్రక్కప్రక్కన వ్రాసికొందురు. 5వదో 197వదో కదలినచో ఆ డిస్కు కొట్టునకు తిరిగిపోవును. 199వది మాత్రమే కదలినచో తీగ మార్చి, పరీక్షను మరల మొదటినుండి ఆరంభింతురు.